మైనం పెట్టె

మారతహళ్ళి. డిసెంబరు. పొద్దున ఆరుంబావు.
నాలుగంతస్తుల పీజీలో
నూట పద్నాలుగు మంది కుర్రాళ్ళు
ఒక్కసారే కుళాయి తిప్పుతారు.
మెట్ల కింద మీటరు
ఎర్రటి కన్ను గబగబా కొట్టుకుంటుంది.

నా సంచీలో నమూనా:
నల్లరంగు స్టీలు తొడుగులో అరచేయంత మైనపు పలక.
"ఎండపూట ఇది వేడిని మింగుతుందండీ,
కరుగుతుంది, రాత్రంతా కరిగే ఉంటుంది,
తెల్లారి చన్నీళ్ళు పక్కనుంచి పోతుంటే
గడ్డకడుతూ గడ్డకడుతూ
దాచిందంతా ఇచ్చేస్తుంది."

మాల్యాద్రిగారు పెసరట్టు తుంచుతూ విన్నారు.
కందుకూరు మనిషి, లెక్క నాలుక చివరే ఉంటుంది.
"పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది?"
అయిదేళ్ళు, అన్నాను.
నాలుగున్నర అని ఉండాల్సింది.
"నా లీజు మూడేళ్ళమ్మా."
అంతే.
అల్లప్పచ్చడి గిన్నె నా వైపు జరిపారు, తినమని.

ఇంటి ఓనరు ముద్దప్పగారికి
కరెంటు బిల్లుతో పని లేదు,
కుర్రాళ్ళ చలితో పని లేదు,
డాబా మాత్రం ఆయనది.
టన్నున్నర బరువన్నాను.
స్లాబు కింద తనే నిలబడి ఉన్నట్టు
భుజాలు సర్దుకున్నారు.
ఆ మూల చూడమన్నారు:
అంతకుముందెవరో అమ్మిపోయిన ఉప్పు పెట్టె,
అడుగున తుప్పు, పైన పావురం గుడ్లు.
అమ్మినవాడి ఫోను ఇప్పటికీ మోగుతుందట,
ఎత్తేది మాత్రం ఎవరో చీరల కొట్టువాళ్ళు.

ప్లంబరు జిలానీ నా పలకను
చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.
"గీజరు కాయిల్ పోతే
ఈ రోడ్డు మీదే తొమ్మిది కొట్లలో దొరుకుద్ది మేడం.
మీ మైనం మొరాయిస్తే
నేనెవర్ని తిట్టాలి?"
దానికి నా దగ్గర కరపత్రం లేదు.

చవకైన వేళ దాచుకో, ప్రియమైన వేళ తీసుకో,
ఇదీ నేను తిరిగి తిరిగి చెప్పే మాట.
ఈ మీటరుకి పగలూ రాత్రీ ఒకటే ధర.
ఆకలీ దప్పికా లేనివాడికి
అన్నం మూట గురించి చెబుతున్నట్టుంది.

పైగా వేడికి మొహం లేదు.
సోలార్ పలకైతే వీధిలోకి మెరుస్తుంది,
పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు.
దాచిన వేడి ఒట్టి పెట్టె,
దాని మీద ఒక మూత,
లోపల ఏదో జరుగుతోందన్న నా మాట.

మదనపల్లె పక్క మా పెరట్లో దాలిగుంట ఉండేది.
పొద్దున పెట్టిన పాలు
సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేవి.
అమ్మనెవరూ అడగలేదు, ఎన్నాళ్ళకు గిట్టుబాటని.
పిడకలు చరిచిన చేతులు
ఏ లెక్కలోకీ రాలేదు గనక
ఆ వేడి ఉచితం అనుకున్నాం.
మీటింగుల్లో నేనీ దాలి కథ చెబుతుంటాను, అందరూ తలలూపుతారు.
చేతుల సంగతి మాత్రం చెప్పను.

దిగొస్తుంటే గుర్తొచ్చింది,
పలక పిట్టగోడ మీదే ఉండిపోయింది,
రెండు గంటల నుంచీ ఎండలో.
మళ్ళీ నాలుగంతస్తులు ఎక్కాను.
తువ్వాల్లో చుట్టి సంచీలో వేశాను.

ఏడున్నర బస్సు.
సిల్కుబోర్డు వైపు ఎర్ర లైట్ల చీమలబారు.
కిటికీ అద్దం మూతపడదు.
పక్కసీటు అమ్మాయి, గార్మెంట్ ఫ్యాక్టరీ కార్డు మెళ్ళో,
చలికి ముడుచుకున్న మోచెయ్యి
నా సంచీకి తగిలి ఆగిపోయింది.
"ఏనిదు అక్కా?"

మైనం అనబోయి,
పేటెంటు, ధర, వారంటీ అనబోయి,
మధ్యాహ్న, అన్నాను.
నాకొచ్చిన కన్నడంలో తప్పులేని మాట అదొక్కటే.

తను నవ్వలేదు.
రెండో చెయ్యి కూడా తెచ్చి
సంచీ మీద పెట్టింది.
అగరలో దిగేదాకా
తీయలేదు.