తుడిచేసిన రాత్రి

బల్లారట్‌లో టాక్సీ వెళ్ళిపోయాక
ఫెర్గస్ భుజం తడుముకున్నాడు.
సంచీ లేదు.

రాత్రి పదకొండుంబావు. హెల్ప్‌డెస్క్‌లో నేనొక్కదాన్నే,
చల్లారిన టీ, గోడ మీద హీటరు గురక.
"ల్యాప్‌టాప్‌కి తాళం పడే ఉందా?"
"పడే ఉంది. కానీ..."
ఆ కానీ దగ్గర
ఫోను కాసేపు ఊపిరి మాత్రమే పీల్చింది.

మూడువేల మంది జబ్బులున్నాయి అందులో,
ఎవరు ఏ మాత్ర మింగుతారో
ఎవరు ఇంట్లో చెప్పకుండా మింగుతారో.
వాటి పక్కనే,
ఆరో నిబంధన వద్దన్న చోట,
అతని కూతురు మొదటిసారి సైకిలు తొక్కిన వీడియో.
ఇంకెక్కడా లేదట.

గుప్పిట మూసినంతసేపే గుట్టు, అనేది మా అమ్మమ్మ.
గుప్పిటే పోతే ఏం చేయాలో చెప్పలేదు.

"చెరిపేయమంటారా?"
"ఊఁ."
సంచీలో మేలుకునే ఉంది కాబోలు,
రెండు నిమిషాల్లో 'పూర్తయింది' అని వచ్చింది.

పొద్దున్నే డ్రైవరు హబ్తాము
సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.
జిప్పు కూడా తీయలేదు.
సగం కొరికిన శాండ్‌విచ్ అలాగే ఉంది.

ఫెర్గస్ మూత తెరిచాడు.
"నమస్కారం,
మీ భాష ఎంచుకోండి" అంది తెర.