గాలి పద్దు

ఇక్కడ నది లేదు.
ఉమ్ముల్ కువైన్‌లో సముద్రమే ఒక చెయ్యి చాపి
ఇసుకలోకి దూరి పడుకుంది. దాన్ని ఖోర్ అంటారు.
తీపి నీళ్ళు కావు, అయినా పోటూ పాటూ తెలుసు దానికి,
మడచెట్ల వేళ్ళ మధ్య పీతపిల్లల్ని దాచడం తెలుసు.

క్లబ్బులో నలభై మూడు పడవలు. ఒక్కటీ నాది కాదు.
చిరిగిన చాపలు కుడతాను, అడుగున పట్టిన గుల్ల గీకుతాను,
ఉప్పుకి బిగిసిన తాళ్ళని మంచినీళ్ళలో నానేస్తాను.
ఎర్రియ్య అన్న పేరు వాళ్ళ నోట తిరగదు.
యారీ అంటారు. పలుకుతాను.

ఫిబ్రవరిలో అవతలి ఒడ్డున బోర్డు లేచింది.
ముప్పై ఆరంతస్తులు, అలాంటివి ఏడు,
కింద నీలం నీళ్ళలో తెల్లచాప పడవ.
చాలాసేపు చూశాను.
బొమ్మలో జెండా తూర్పుకి ఎగురుతోంది,
చాప పడమటికి పొంగింది.
గీసినవాడు ఏనాడూ పడవెక్కి ఉండడు.

ఆ రాత్రి మీటింగుకి కుర్చీలు చాల్లేదు.
ఫియోనా మేడమ్ కాగితాలు పంచింది, చదువుతుంటే గొంతు వణికింది.
ముసలి నొఖదా ఖల్ఫాన్ కాగితం ముట్టుకోలేదు.
చిటికెన వేలు తడిచేసి పైకెత్తాడు
ఏసీ గదిలో.
నవ్వారు. కాసేపటికి ఎవరూ నవ్వలేదు.

అన్ని గోడలు లేస్తే షమాల్ విరిగిపోతుంది.
గోడ వెనక గాలి కుంటుతుంది,
వీచినట్టే వీచి చచ్చి, చచ్చిన చోటే లేచి
పిల్లల చిన్న పడవల్ని బొంగరాల్లా తిప్పుతుంది.
ఇది నాకు తెలుసు. తెలియడం రుజువు కాదన్నారు.
పొద్దున, మధ్యాహ్నం, పొద్దుగూకే వేళ
గాలి ఎటు, ఎంత, రాసిపెట్టు యారీ, అన్నారు.
నాకొచ్చిన ఒకే ఒక్క రాతలో రాశాను:

మార్చి ఆరు. వాయవ్యం. చాప నిండుగా.
మార్చి ఏడు. మెత్తన. నీటి మీద దువ్వెన గీతలు.
మార్చి పదకొండు. షమాల్. పళ్ళ మధ్య ఇసుక. పడవ దించలేదు.
మార్చి పన్నెండు. గాలి లేదు. అమ్మ ఫోన్ చేసింది.

నా గదిలో ఆరు మంచాలు.
పై మంచం కిష్టయ్యది, సిరిసిల్ల దిక్కు మనిషి.
పర్మిషన్ రాకముందే పరీక్షకని
అవతలి ఒడ్డున దిగుతున్న పైల్స్‌కి గొలుసు కట్టేది అతనే.
"గాలి ఆగితె మీ పడవ ఆగుతది," అన్నాడు ఓ రాత్రి,
"పని ఆగితె నా ఇల్లు ఆగుతది."
నా దగ్గర జవాబు లేదు.
పప్పుగిన్నె అతని వైపు జరిపాను.

మునిసిపాలిటీకి ఇంగ్లీషులో కావాలన్నారు.
ఇంటర్ దాకా చదివినవాడు మా గదిలో కిష్టయ్య ఒక్కడే.
మూడు రాత్రులు ఫోన్ వెలుగులో పద్దు ముందేసుకుని కూర్చున్నాడు.
"మెత్తన అంటే ఏం రాయాలె?"
"వాళ్ళ భాషలో గాలి మెత్తగా ఉండదా?"
"ఉంటది గావచ్చు. మాకు సార్ చెప్పలే."
ఆఖరి పేజీ అయ్యాక పెన్ను మూత పెట్టి అన్నాడు:
"ఎవలు రాసిన్రంటే నా పేరు చెప్పకు."
అమ్మ ఫోన్ చేసిన రోజు కూడా
వదలకుండా రాశాడని తర్వాత తెలిసింది.

విచారణ గదిలో గాజుపెట్టె, పెట్టెలో బుల్లి ఊరు.
నీళ్ళకి బదులు గట్టిపడ్డ జిగురు.
ఖల్ఫాన్ గాజు మూత ఎత్తించి
ఆ నీటి మీద గోరుతో కొట్టాడు.
టక్‌మంది.
అదొక్కటే ఆయన చెప్పుకున్న అభ్యంతరం.

ఈద్ తర్వాత చెబుతామన్నారు. ఈద్ వెళ్ళిపోయింది.
ఫియోనా మేడమ్ రోజూ ఉత్తరాల పెట్టె తెరిచి మూస్తుంది.
ఈ ఏడు కొంగలు ముందే లేచిపోయాయని ఒకరు,
కాదు, ఎప్పుడూ ఇంతేనని ఇంకొకరు.
నేను చాపలు కుడుతున్నాను. కిష్టయ్య డ్యూటీకి పోతున్నాడు,
ఐదింటి బస్సు, నీలం డ్రస్సు.

పద్దు ఆపమని నాకెవరూ చెప్పలేదు.

జూన్ రెండు. తెల్లారి.
గొలుసు చప్పుడు చెవి పక్కనే ఉన్నట్టు వినబడింది.
వాయవ్యం.