కంచె జరిపిన ఏడు

ఇరవై ఏళ్ళు ఈ వాగు కోసమే
కోర్టులో ఎదురెదురు బల్లల మీద కూర్చున్నారు.
ఈ మార్చిలో, నెవాడా చలిలో,
ఒర్డొకి గునపంతో కన్నం పొడిస్తే
డెల్ఫీనా విల్లో కొమ్మ దించి మడమతో మట్టి తొక్కింది.
కట్టలు మోసింది నేను.

ఆవుల్ని ఒడ్డుకు రానివ్వని కొత్త కంచె
అతని గడ్డిలో నలభై అడుగులు మింగింది.
"మా నాన్న చూస్తే తన్నేవాడు."
"మా అమ్మమ్మ ఈ చువ్వలతోనే బుట్టలల్లేది,
మీ నాన్న తరిమేదాకా."

గునపం ఆగింది.
చాలాసేపటికి మళ్ళీ దిగింది.

జూన్‌కి సగం ఎండిపోయాయి.
బతికినవాటిలో లావుపాటిదాన్ని
రాత్రికి రాత్రే బీవరొకటి కొరికి ఈడ్చుకుపోయింది,
కింద వాగుకి అడ్డంగా.
మోకాలిలోతు నీళ్ళు, ఎటు పోవాలో తోచక.

"కేసేద్దామా దీనిమీద?" అంది డెల్ఫీనా.
ఒర్డొకి టోపీ తీసి
ఆ నీళ్ళలో ముంచుకున్నాడు.