పసుపు స్టిక్కర్

రాత్రి ఎనిమిదింటికి నా చేతికి
తుపాకీలాంటి యంత్రం ఒకటి వస్తుంది.
నొక్కితే పసుపు స్టిక్కర్:
ముప్ఫై శాతం తగ్గింపు.

పోలండ్‌లో వూచ్ నగరం, ట్రాములు మలుపు తిరిగే చోట
మా సూపర్‌మార్కెట్.
పద్నాలుగేళ్లుగా మాంసం అరల దగ్గర నేను.
పేరు బొజెన్నా, చొక్కాకి పిన్నుతో గుచ్చి ఉంటుంది.

కోడి తొడలు, ప్యాకెట్‌కి ఆరు,
ప్లాస్టిక్ కింద చలికి ముడుచుకున్నట్టు ఉంటాయి.
ఆరు తొడలంటే మూడు కోళ్లని
ఎవరూ లెక్క వేయరు.
నేనూ వేసేదాన్ని కాదు.
ఒకరోజు చిల్లర లెక్కపెట్టీ పెట్టీ అలిసిన బుర్ర
దానంతటదే వేసింది.
తర్వాత ఆపలేకపోయాను.

ఎనిమిదీ నలభైకి జెనోన్ గారు వస్తారు.
అల్లిక సంచీ, ఒక కాలు ఈడుపు,
మగ్గాల మిల్లులో సగం పోయిన వినికిడి.
యాభై శాతం స్టిక్కర్ పడేదాకా
పెరుగు డబ్బాల దగ్గర నిలబడి
తేదీలు చదువుతున్నట్టు నటిస్తారు.
"చూడమ్మా, అది ఎలాగూ చచ్చింది.
నేను కొనకపోతే చెత్తలోకి పోతుంది.
నేను తినేది మాంసం కాదు, వృథాని" అంటారు.
తనకి వినపడాలని గట్టిగా అంటారు,
పాల అరదాకా వినిపిస్తుంది.

నేను నవ్వి స్టిక్కర్ అంటిస్తాను.
ఆయనకి చెప్పనిది ఒకటుంది.
గల్లా దగ్గర ఆ ప్యాకెట్ కీచుమనగానే
వెనక గదిలో కంప్యూటర్ రాసుకుంటుంది.
తగ్గింపు ధరా, నిండు ధరా దానికి అక్కర్లేదు.
ఒకటి పోయింది, ఒకటి కావాలి.
ఆ మాట తెల్లారేలోగా ఒక పొడుగాటి షెడ్డుకి చేరుతుంది.
అక్కడ ముప్ఫై అయిదో రోజున
తన రొమ్ము బరువు తనే మొయ్యలేని ఒకటి
ఇంకా పిల్లగొంతుతోనే కియ్యి కియ్యిమంటుంది.
ఆ కీచూ ఈ కియ్యీ
ఒకే తాడుకి రెండు కొసలు.

చంపిందెవరంటే
షెడ్డువాడు బ్యాంకుని చూపిస్తాడు,
బ్యాంకు గిరాకీని చూపిస్తుంది,
లారీవాడు చేతిలో కాగితం చూపిస్తాడు,
కత్తి దగ్గర మనిషే లేడు, బెల్టు తిరుగుతోంది.
తిలాపాపం తలా పిడికెడు అంటారే,
పంచి పంచి పంచి
ఎవరి పిడికిలి తెరిచినా ఖాళీ.
నా పిడికిట్లో మటుకు స్టిక్కర్ జిగురు.

మా అమ్మమ్మ లుద్వికా బాతుని తనే కోసేది.
అది తలుచుకుని ఊరట పడదామనుకుంటాను:
తన చేత్తో, తన కళ్ల ముందు, కావలసినంతే.
కానీ నాకు గుర్తుంది, ఆవిడ క్షమాపణేమీ అడగలేదు.
రెక్క మొహానికి తగిలితే తిట్టింది.
నెత్తురు గిన్నెలో పట్టి, వెనిగర్ కలిపి,
నన్ను గరిట తెమ్మంది.
బాతుకి ఆ చెయ్యి తెలుసు,
పొద్దున్న గింజలు వేసిన చెయ్యే.
అది నయమో, ఇంకా అన్యాయమో
ఈ వయసులోనూ తేల్చుకోలేదు.

పదింటికి షట్టర్. మిగిలినవి నావి.
నావంటే, పారెయ్యడం నా పని.
ఒక్కో ప్యాకెట్ యంత్రానికి చూపించి
'నష్టం' అన్న బొత్తం నొక్కి
గోధుమరంగు డబ్బాలో వెయ్యాలి.
ఈ రాత్రి పందొమ్మిది.
వీటి విషయంలో ఆకలి పేరైనా
చెప్పుకోవడానికి లేదు.

జెనోన్ గారూ, మీరన్నది సగం నిజం.
మిగతా సగం నాకు నెలకోసారి జీతంగా ముడుతుంది.
ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే
నేనే కొన్న ప్యాకెట్, నేనే అంటించిన స్టిక్కర్,
పొద్దున్న కొడుక్కి కట్టివ్వాలి.

మర్నాడు ఆర్డర్ తెర మీద
నలభై ఉన్నచోట ముప్ఫై రెండు కొట్టాను.
ఆ మాత్రం హక్కు నాకుంది.
కారణం? అని అడిగింది.
వాతావరణం, సెలవు, రోడ్డు మరమ్మతు.
జాబితాలో నాది లేదు.
'ఇతరాలు' నొక్కాను.

ఆ రాత్రి అన్నీ నిండు ధరకే అమ్ముడైపోయాయి.
ఎనిమిదీ నలభైకి వచ్చి
జెనోన్ గారు పెరుగు డబ్బాల దగ్గర
చాలాసేపు నిలబడ్డారు.
ఈసారి నిజంగానే తేదీలు చదువుతూ.