ఎర్ర వైరు

నా ఫోన్ల ఆమె పేరు హెస్సా గాదు,
'కారే ఇల్లు' అని రాసుకున్న.
తెల్లారకముందే మోగుతది.
"సదీఖ్, మళ్ళ వచ్చింది" అంటది.
ఏమొచ్చిందో చెప్పది,
చుట్టమొచ్చినట్టు చెప్తది.

ముహర్రఖ్‌ల, రెండు చేతులు చాపితే
రెండు గోడలు తగిలే సందు.
ముత్యాలకు మునిగిన తాత
సముద్రం రాళ్ళు మోసుకొచ్చి కట్టిండట.
ఇచ్చిన రాళ్ళకు సముద్రం
ఇంకా వడ్డీ వసూలు చేస్తనే ఉన్నది.
ఉప్పు లోపల్నుంచి పొంగి
సున్నం పెచ్చులు పెచ్చులుగ ఊడుతది.
ఏటా ఏస్త, ఏటా రాలుతది.
పక్కబట్ట దులిపితే పిడికెడు.
"కూరల ఏసుకో అమ్మా" అన్న ఒకపారి.
నా హిందీ ఆమెకు అర్థం గాలే, మంచిదైంది.

జూన్ల చన్నీళ్ళ నల్లా తిప్పితే
చెయ్యి బొబ్బలెక్కుతది.
మిద్దె మీది ట్యాంకి
పొద్దుమూకెదాక పొయ్యి మీది కుండే.
గీజరు బంద్ జేసి
అండ్ల నీళ్ళు చల్లారబెడుతది.
ఎర్ర గుర్తుకు చల్లగ, నీలి గుర్తుకు సలసల.
చలికాలం రాంగనే లెక్క తిరగబడుతది,
ఆమె మర్చిపోతది, కేకేస్తది,
తిట్లు నాకు.

తలుపు సంగతి చెప్పాల్నా?
ఆగస్టు తేమకు ఉబ్బి కదలది.
రందా పట్టి చెక్కిన.
జనవరిల ఆ సందుకెల్లి పిల్లి దూరింది.
"ఎవరు చెక్కిండ్రు?"
"నేనే."
"ఎవరు చెక్కమన్నరు?"
"నువ్వే."
చాయ్ పోసింది, మాట్లాడలే.

కిటికీ ఏసీ దగ్గుకుంట లేస్తది,
సందులకు నీళ్ళు కారుస్తది.
కింద టైలర్ మొయినుద్దీన్ ఆ నీళ్ళు
డబ్బాల పట్టి ఇస్త్రీకి చల్లుకుంటడు.
బాగుచేసిన దినం
నా మీదికి కత్తెర పట్టుకొనొచ్చిండు.
మళ్ళ కొంచెం ఖరాబు చేసిన.

వాన ఏడాదికి ఒక రాత్రో, రెండు రాత్రులో.
ఆ రాత్రి కప్పుకు
అన్ని చిల్లులు యాదికొస్తయ్.
కరెంటు లేని చీకట్ల
ఆమె తడుముకోకుంట గిన్నెలు పెడుతది,
ఒక్కటి తప్పు చోట పడది.
నేను లెక్కబెట్టిన, పదకొండు.

కాఫీ దుకాణం పెడతనని
సెంటు పూసుకున్న షావుకారొకడు
కొనేతందుకొచ్చిండు.
గోడలు తట్టిండు, బాగున్నదన్నడు.
పోతానికి లేస్తే తలుపు రాలే.
నేనొచ్చేదాక ముప్పావు గంట
ఏసీ దగ్గు ఇనుకుంట కూసున్నడు.
బేరం కుదరలే.
హెస్సా తలుపును
వీపు చరిచినట్టు రెండుసార్లు చరిచింది.

కోరుట్ల అవతల నాకు సుత ఇల్లున్నది.
కొత్త స్లాబు, తాళమేసి మూడేండ్లు.
దానికి ఏ రోగం లేదు,
నన్నొక్కనాడు పిలువలే.

మొన్న కరెంటు పోయింది.
మెట్ల కింది ఫ్యూజు డబ్బా తెరిస్తే
చెక్కమూత ఎనుక పెన్సిల్ రాత.
అరబ్బీ అనుకొని టార్చి పట్టిన,
తెలుగు.
'ఎర్ర వైరు ముట్టకు.
ఎందుకో నాకు తెల్వది.
పోశెట్టి, ధర్మపురి, 1991.'

చెమట ఆరేదాక మెట్ల మీదనే కూసున్న.
ఆమెనడిగితే ముఖం ఎలిగింది.
"బోషెట్టి! చాయ్‌ల నాలుగు చెంచాల చక్కెర!"
ఇంకేం యాదికి లేదు.
గా నాలుగు చెంచాలే.

టెస్టర్ పట్టుకొని
ఎర్ర వైరు ఎంబడి పోయిన.
గోడల దూరింది, మిద్దెనెక్కింది,
ట్యాంకి పక్కన వంగింది,
మళ్ళ గోడలకే పోయింది.
ఎక్కడ తేలుతదో దొరకలే.
నడుమ ఒక కాడ వెచ్చగున్నది.
ప్లయర్ తీసిన.
జేబుల పెట్టుకున్న.

వేరే ఫ్యూజు మార్చినంక లైట్లొచ్చినయ్,
ఏసీ దగ్గింది,
కింద మొయినుద్దీన్ డబ్బా చప్పుడైంది.
పోశెట్టి రాత కింద రాసిన:
'నాకు సుత తెల్వది. ముట్టలే.
ఎండకాలం నీలి నల్లా పైలం.
రాజలింగం.'

అక్షరాలు చిన్నగ రాసిన,
కింద ఇంకొకలిద్దరికి జాగుంటదని.