మన్ను

అఫ్జల్‌గంజ్ దవాఖానాలో
ఎక్స్-రే ఫిల్మును కిటికీకి అడ్డం పట్టి
డాక్టరమ్మ నా బిడ్డ పళ్లు లెక్కపెట్టింది.
కుడివైపు అన్నీ ఉన్నాయి, పాలపళ్ల మీద నారు పోసినట్టు.
ఎడమవైపు చీలిక పక్కన
ఒకటి అసలు మొలకే కట్టలేదట.
దాని అవతలి కోరపన్ను
ముక్కు గోడకు ఒరిగి పడుకుంది,
కాలు మోపడానికి ఎముక లేక,
ఈడు పళ్లకన్నా ఏడాది వెనకబడి.

పూజితకు తొమ్మిదేళ్లు.
మూడో నెలలో పెదవి కుట్టారు, ఏడాది దాటాక అంగిలి.
కుట్లు కలిశాయి గానీ
మాటలో గాలి ఇంకా ముక్కులోకి జారుతుంది.
పాలు మాలు.
తన పేరే మూజిత.
బళ్లో "పన్ను" చదవమంటే "మన్ను" అంది.
ఆ రోజు టిఫిను డబ్బా
పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది.

గ్రహణం పూట కత్తిపీట ముందు కూచున్నానని
మా అత్త ఇప్పటికీ అంటుంది.
కూచోలేదు.
ఆ పూట రాజేంద్రనగర్ నర్సరీలో
నల్ల కవర్లకు ఎర్రమన్ను నింపుతున్నాను.
ఆరువందల కవర్లు.
సూర్యుడికి ఏమైందో తలెత్తి చూసే తీరిక లేదు.

"తుంటి ఎముక కాస్త తీసి ఆ సందులో నింపుతాం,
కోరపన్ను వేరు సగం కట్టినప్పుడే.
ముందైతే తొందర, తర్వాతైతే దండగ."
ఇంకేం చెప్పక్కర్లేకపోయింది నాకు.
ఉత్త కవర్లో గింజ వేస్తే
నేను మాత్రం ఏం మొలిపించాను?

నోట్లో మన్ను పడాలంటే
మా వాడలో అది శాపం.
నేను దానికి సంతకం పెట్టాను.

వారం రోజులు గోడ పట్టుకుని కుంటింది.
మూసీ వంతెన మీద బస్సు కుదిపినప్పుడల్లా
తుంటి మీద చెయ్యి వేసుకుని
నన్నే కోపంగా చూసింది.

వానలు పోయి చలి దిగాక ఓ రాత్రి,
ఫోన్ లైటు వేసి పెదవి ఎత్తి చూపించింది.
చిగురు మీద
నూకగింజంత తెలుపు.
పక్కన ఆ ఖాళీ అలాగే ఉంది.
దానికి తీగ వేయాలి, ఇంకా ఏళ్లు పడుతుంది.

తాకి చూద్దామని వేలు చాపాను.
చేయి అడ్డం పెట్టి
నా గోటి కింది ఎరుపు చూపించి
"అమ్మా, మన్ను" అంది.

ఈసారి
సరిగ్గానే అంది.