ఇరవై కేబీల లోపల

ఏడురోడ్ల కాడ, మందులంగడి మీద మేడలో
మూడు కంప్యూటర్లు, ఒక స్కానరు, గోడకు కొట్టిన తెల్ల దుప్పటి.
తెల్లదానికి బరువుండదు.
ఎంత గోడైనా ఒక్క మాటతో చెప్పేయొచ్చు.

అంగన్‌వాడీ ఆయా పోస్టుకు గంగులమ్మక్క వచ్చింది.
ఆఖరు రోజు. ఫొటో ఇరవై కేబీలు దాటకూడదంట.
"మా పాప వాట్సాప్‌లో పంపింది ఉండాది, చిన్నదే" అని ఫోను చాపింది.
వద్దక్కా. అది ఒకసారి పిండిన చెనిక్కాయ చెక్క,
మళ్లా గానుగలో వేస్తే ఏమొస్తుంది?

దుప్పటి ముందర నిలబెట్టి నేనే తీసినా.
మూడు ఎంబీల అక్క.
క్వాలిటీ గీతను ఎడమకు లాగినా:
ముప్పై. ఇరవై. పది.
ముఖమంతా కడప బండలు పరుచుకున్నాయి
చదరాలు చదరాలుగా, సందుల్లో సిమెంటుతో సహా.
కుడి చెంప మీది పుట్టుమచ్చ ఏ బండ కిందికి పోయిందో.
గుర్తుల గడిలో ఆమె రాయించింది అదొక్కటే.

"ఎవురిది రా ఇది?" అంది.

తప్పు ముఖానిది కాదు, చీరది.
చీర నిండా ఆవగింజంత పూలు,
ఒక్కోటీ నన్ను లెక్కబెట్టమని కూర్చోనుంది.
ఉన్న ఇరవైలో పద్నాలుగు అవే తినేసినాయి,
పెండ్లిలో మొదటి బంతి వదలని చుట్టాల మాదిరి.

మళ్లా అసలు ఫొటో తెరిచినా.
భుజాల కాడ కోసి, కొలత తగ్గించి,
మిగిలిన పూలను మంచు పట్టిన అద్దం చేసినా.
రంగులో సగానికి పైగా తీసేసినా.
రంగు తగ్గితే కన్ను గమ్మునుంటుంది,
వెలుగునీడ జరిగితే మాత్రం దొంగను పట్టినట్టు పడుతుంది.
అప్పుడు గీతను డెబ్బై కాడ ఆపినా.

పంతొమ్మిది పాయింట్ ఆరు.
మచ్చ ఉండాది.
ముక్కుపుడక మీద మెరుపు గూడా, నేను అడగకపోయినా.

"పూలేవీ?" తెరకు ముక్కు ఆనించి అడిగింది అక్క.
"సైటుకు పూలతో పనిలేదక్కా."
"నాకుండాది. ఇస్త్రీపెట్టెకు కాలితే
నేనే పోగుపోగూ కలిపి కుట్టుకున్న చీర అది."

అప్లికేషనుకు ముప్పై. పెద్ద ఫొటో ప్రింటుకు ఇరవై,
వద్దన్నా బల్ల మీద పెట్టి మెట్లు దిగింది.

ఆమె పోయినాక మూడు ఎంబీలదాన్నే పెద్దది చేసి,
ఇంకా పెద్దది చేసి,
కాలిన చోటు కోసం పువ్వు పువ్వూ వెతికినా.
దొరకలేదు.